పోలమ్మ నమిలిన ముద్ద

ఎంగిలి గురించి నాకు రెండు పాఠాలు చెప్పారు. మొదటిది మా అమ్మమ్మ చెప్పింది. ఒకరు కొరికిన జామకాయ ఇంకొకరు ముట్టకూడదు, నీళ్ళు ఎత్తి పోసుకోవాలి, తింటున్న చేత్తో గరిటె పట్టుకోకూడదు. రెండోది యూనివర్సిటీలో చెప్పారు. నోట్లో ఊరే నీటిలో అమైలేజ్ అనే ఎంజైము ఉంటుంది, అన్నంలోని పిండిని చక్కెరగా విడగొట్టే పని అక్కడే మొదలవుతుంది. రెండు పాఠాలూ నాకు కంఠతా వచ్చు. ఆ రెండూ ఒకరోజు ఎదురుపడతాయని మాత్రం ఎవరూ చెప్పలేదు.

సముద్రం కరకట్ట దాటి డెల్టాలోకి వచ్చిన నాలుగో ఏడు అది. పశువులు అప్పటికే పోయాయి. పాలపొడి ఓడ వచ్చినప్పుడే వచ్చేది. పొలాల్లో పండేది ఉప్పునీటికి తట్టుకునే కొత్త వరి ఒక్కటే. ఉప్పుమళ్ళ బియ్యం అనేవాళ్ళం. ఆ వంగడం లేకపోతే బాపట్ల నుంచి రేపల్లె దాకా ఒక్క ఇంట్లో పొయ్యి వెలిగేది కాదు, కాబట్టి దాన్ని తిట్టను. కానీ ఉప్పుని తట్టుకోవడానికి ఆ గింజ తన పిండిని గట్టిగా, కొత్త పద్ధతిలో అల్లుకుంది. పెద్దవాళ్ళ కడుపులో ఊరే ఎంజైములు ఆ అల్లికని కష్టపడి కొంతైనా విప్పగలిగేవి. ఏడాది నిండని పిల్లలకి ఆ ఎంజైములు ఇంకా సరిగా ఊరవు. తల్లిపాలు సరిపోని ఆరో నెల దాటాక అన్నం పెడితే, పెట్టింది పెట్టినట్టే బయటికి వచ్చేసేది. పిల్లలు కడుపు నిండా తిని ఎండిపోయేవాళ్ళు.

మా బాబు అభిరామ్‌కి అప్పుడు ఎనిమిదో నెల. బరువు అయిదు కిలోల రెండొందల గ్రాములు. నేను ఎంజైముల మీద పదహారేళ్ళు పనిచేసినదాన్ని. వంటవాడి కొడుకు పస్తులున్నట్టుంది నా బతుకు.

మా ప్రయోగశాల బాపట్లలో పాత ధాన్యం గోడౌనులో ఉండేది. దాని పక్కనే ముప్పై మంచాల పిల్లల వార్డు. బూజుల నుంచి, బాక్టీరియాల నుంచి తీసిన ఎంజైములు పద్నాలుగు రకాలు ఆ బియ్యం మీద ప్రయోగించి చూశాం. ఏ ఎంజైముకైనా దాని పనికి తగ్గ ఆకారం ఉంటుంది. అది పట్టుకోగలిగిన దాన్నే తెంచుతుంది, పట్టుకోలేనిదాన్ని పక్కన కూర్చుని చూస్తుంది. మా పద్నాలుగూ కూర్చుని చూశాయి.

పిల్లల మలం నమూనాలు ఊరూరా తెప్పించి అయోడిన్ చుక్క వేయడం మా రోజువారీ పని. పిండి జీర్ణం కాకపోతే నమూనా నల్లగా, నీలంగా మారుతుంది. అన్ని ఊళ్ళవీ నల్లబడ్డాయి. పీతలదిబ్బ నుంచి వచ్చిన ఆరు నమూనాలు మాత్రం టీ రంగులోనే ఉండిపోయాయి. ఎవరో చీటీలు మార్చి ఉంటారనుకుని నేనే పడవెక్కి వెళ్ళాను.

పీతలదిబ్బ అంటే నదీపాయ సముద్రంలో కలిసే చోట ఇరవై గుడిసెలు. ఆడవాళ్ళు తెల్లారగానే ఉప్పునీటి బురదలో పెరిగే మడచెట్ల కింద పీతలు పట్టడానికి పోతారు. పిల్లల్ని పోలమ్మ దగ్గర వదిలి పోతారు. నేను వెళ్ళేసరికి ఆమె గుడిసె ముందు కాళ్ళు చాపుకుని కూర్చుని ఉంది. అరవై ఏళ్ళు ఉంటాయి. ఒడిలో ఒక పిల్ల, చుట్టూ అయిదుగురు. ఒక్కొక్కళ్ళ బుగ్గలు చూస్తే నాకు ఏడుపొచ్చింది. అలాంటి బుగ్గలు చూసి ఏడాది దాటింది.

"ఏం చేస్తున్నారు?" అని అడిగాను. ఆమె జవాబివ్వలేదు. దవడలు ఆడుతూనే ఉన్నాయి. చాలాసేపయ్యాక నోట్లోంచి ముద్ద తీసి పిల్ల నోట్లో పెట్టి అప్పుడు నా వైపు తిరిగింది.

"కనపట్టంలా? బువ్వ నముల్తన్నా. నూరు లెక్కెట్టేదాకా మింగకూడదు. మధ్యలో పలకరిస్తే లెక్క తప్పుద్ది."

నలభై ఏళ్ళుగా ఆ దిబ్బ మీద పుట్టిన ప్రతి బిడ్డకీ ఆమే నమిలి పెట్టిందట. అంతకుముందు ఆమె తల్లి.

సంచిలోంచి రెండు గాజుగొట్టాలు తీసి, రెండింట్లోనూ అదే అన్నం మెత్తగా చిదిమి వేశాను. ఒకదాంట్లో నేను ఉమ్మాను, ఒకదాంట్లో ఆమెని ఉమ్మమన్నాను. ఆమె పగలబడి నవ్వి ఉమ్మింది. నాలుగు నిమిషాలు ఆగి రెండింట్లోనూ అయోడిన్ వేశాను. నా గొట్టం కాటుకలా నల్లబడింది. ఆమెది టీ రంగులో ఉండిపోయింది. మూడుసార్లు చేసినా అంతే. నా చదువు ఎంత గొప్పదైనా నా ఉమ్మి దేనికీ పనికిరాలేదు. పోలమ్మ అమైలేజ్‌లో ఏదో చిన్న తేడా ఉంది, తరాల వెనక ఎక్కడో పుట్టిన తేడా, ఆ అల్లికని పట్టుకోగలిగే తేడా.

ఆమెకి నాకు తెలిసినంతలో విడమరిచి చెప్పాను. ఈ ఎంజైముని చేయించే జన్యు రహస్యాన్ని ఈస్టులోకి ఎక్కించి పెద్ద తొట్లలో పెంచుతాం, దానికి అయిదు నెలలు పడుతుంది, అప్పటిదాకా వార్డులో పిల్లలు ఆగలేరు, మీరు వచ్చి మా దగ్గర ఉండాలి, రోజూ మీ నోటి నీరు ఇవ్వాలి. ఏం కావాలో అడగమన్నాను.

"మా దిబ్బ బిడ్డలకి ఏడాది నిండొస్తంది, ఇక వాళ్ళే నముల్తారు. నాకేం వద్దు తల్లీ. ఒక్కటే మాట. నా నోటి ముద్ద తిన్న బిడ్డ నా బిడ్డే. మా దిబ్బ మీద అట్టాగే. ఆ తల్లికి తెలియాల. నీ బిడ్డ పోలమ్మ నోటిది తింటందీ అని చెప్పాల. చెప్పకుండా పెడితే అది దొంగతనం."

"చెప్తాను" అన్నాను.

"ఒట్టేనా?"

"ఒట్టు" అన్నాను.

మా డైరెక్టరు రంగనాయకులు గారు విషయం వినగానే కళ్ళజోడు తీసి బల్ల మీద పెట్టారు. "బిడ్డ ప్రాణం కోసం తల్లి ఏమైనా చేస్తుందంటారు. కానీ చూడండి సువర్చల గారూ, ఆ వార్డులో ఎవరెవరున్నారో మీకు తెలుసు. ఎవరి ఎంగిలో, ఏ ఊరి మనిషిదో చెప్తే సగంమంది మంచాలు ఖాళీ చేసి పోతారు. మీ అత్తగారు ఒప్పుకుంటారా?" అన్నారు.

తప్పంతా ఆయన మీదకి తోసేస్తే సుఖంగానే ఉంటుంది. కానీ ఆయన అనకముందే, పడవలో తిరిగి వస్తున్నప్పుడే, చెప్పకూడదని నేను నిర్ణయించుకున్నాను. నాకు మొదట గుర్తొచ్చిన మనిషి పర్వతవర్ధని. పొన్నూరు దగ్గర ఒక పురోహితుడి భార్య. కామాక్షి అని తొమ్మిది నెలల కూతురు. వార్డుకి తన గిన్నెలు, తన చెంబు, తన నీళ్ళు తెచ్చుకుంది. నర్సు ముట్టుకున్న చెంచా మళ్ళీ కడిగి కాని పాప నోట్లో పెట్టదు. ఆవిడకి పీతలు పట్టే మనిషి ఉమ్మి అని చెప్పి ఒప్పించగల సైన్సు నా దగ్గర లేదనుకున్నాను. మా అత్తయ్య కూడా ఆ పాఠశాలలో చదువుకున్న మనిషే.

సీసా మీద 'పి-1 చుక్కలు' అని రాయించాను. అందులో పి అంటే ఏమిటని ఎవరూ అడగలేదు.

పోలమ్మకి గోడౌను వెనక గది ఇచ్చాం. వార్డుకీ ఆ గదికీ మధ్య నూరడుగులు ఉంటుందేమో. పొద్దున ఏడింటికి పని మొదలయ్యేది. ఆమెని కుర్చీలో కూర్చోబెట్టి, ముందు పొయ్యి పెట్టి, నేనే ఎండురొయ్యలు వేయించేదాన్ని. ఆమెకి ప్రాణం అవంటే. ఆ వాసనకి నోట్లో నీళ్ళు ఊరేవి, ఆమె గాజుగిన్నెలోకి వదిలేది. తినడానికి మాత్రం అప్పుడే ఇచ్చేవాళ్ళం కాదు. తింటే నమూనా పాడవుతుంది. చింతకాయ, పచ్చిమామిడి ముక్కలు చూపించేదాన్ని, వాసన చూడనిచ్చేదాన్ని. ముప్పై మంది వార్డు పిల్లలు, ఇంటి దగ్గర మా వాడు, ఒక్కొక్కరికి పూటకి ఆరు మిల్లీలీటర్లు, మూడు పూటలు. రోజుకి అయిదువందల అరవై కావాలి. అది పోగయ్యేసరికి మధ్యాహ్నం రెండయ్యేది. అప్పుడు పళ్ళెంలో అన్నం, చల్లారిన రొయ్యలు పెట్టి గదికి పంపించేదాన్ని.

వడగట్టి, చల్లబరిచి వార్డుకి తీసుకెళ్ళేవాళ్ళం. అన్నం వేడిగా ఉంటే ఎంజైము చచ్చిపోతుంది కాబట్టి చల్లారాకే కలపాలి. కడుపులో పులుపు తగిలినా అది చచ్చిపోతుంది కాబట్టి కలిపి పావుగంట ఆగి, గిన్నెలోనే సగం పని అయ్యాక పెట్టాలి. పోలమ్మ నూరు లెక్కపెట్టడంలో ఉన్నది ఈ రసాయనశాస్త్రమే. నేను గడియారం పెట్టి తల్లులకి నేర్పించాను.

పదకొండో రోజుకి పిల్లలు ఏడవడం మొదలుపెట్టారు. నవ్వకండి. అప్పటిదాకా వాళ్ళకి గట్టిగా ఏడ్చే ఓపిక లేదు. ఆ గోల వింటూ నర్సులు ఒకరి చేతులొకరు పట్టుకున్నారు. మా అభిరామ్ మూడొందల గ్రాములు పెరిగాడు. అత్తయ్య రోజూ స్నానం చేసి, దేవుడి ముందు దీపం పెట్టి, ఆ సీసాని కళ్ళకద్దుకుని మరీ వాడి అన్నంలో చుక్కలు వేసేది. నేను వంటింటి గుమ్మంలో నిలబడి చూసేదాన్ని.

పర్వతవర్ధని ఒకరోజు నన్ను ఆపి కామాక్షి చెయ్యి నా చేతిలో పెట్టింది. "చూడండి, మణికట్టు దగ్గర మడత పడింది" అంది.

పోలమ్మ ప్రతి సోమవారం అడిగేది. "చెప్పావా అమ్మా?"

"చెప్పాను."

"ఏమన్నారు?"

"సంతోషించారు."

మూడో సోమవారమో నాలుగో సోమవారమో ఆమె కాస్త ఆలోచించి, "మరి ఒక్కతల్లీ రాలేదేంది? మా దిబ్బ మీదైతే ముద్ద మొదలెట్టిన రోజే బిడ్డని తెచ్చి నా ఒళ్ళో వేస్తారు. తర్వాతే ముద్ద" అంది.

"వార్డులోంచి పిల్లల్ని బయటికి తేకూడదు పోలమ్మా. జబ్బులు అంటుకుంటాయి" అన్నాను. ఒక అబద్ధానికి కాపలా పెట్టిన రెండో అబద్ధం. ఆమె నమ్మింది. పిల్లల పేర్లు అడిగి తెలుసుకుని, నీరు వదిలేటప్పుడు ఒక్కో పేరూ అనుకునేది. కామాక్షి, మస్తాన్, రత్నకుమారి కొడుకు చిన్నోడు, అభిరామ్.

మూడో నెలలో గిన్నె నిండటం ఆలస్యమైంది. రెండింటికి అయ్యేది నాలుగింటికి కూడా అయ్యేది కాదు. నోటి గ్రంథులని ఉసిగొలిపే మాత్రలు మొదలుపెట్టాను. మళ్ళీ అయిదువందల అరవై వచ్చింది. నా పుస్తకంలో అన్నీ ఉన్నాయి. ఏ రోజు ఎన్ని మిల్లీలీటర్లు, ఎంజైము ఎంత చురుకు, పిల్లల బరువులు రోజుకి రెండుసార్లు. ఈస్టు తొట్లు బాగా నడుస్తున్నాయని, ఇంకో మూడు వారాల్లో మందు చేతికొస్తుందని రంగనాయకులు గారు చెప్పిన రోజు నేను ఆ పుస్తకాన్ని గుండెకి హత్తుకున్నాను.

ఆ మర్నాడు బుధవారం. పదకొండింటికి పిల్లలకి అన్నం కలిపే వేళ. తల్లులందరూ గిన్నెలు ముందు పెట్టుకుని పావుగంట అయ్యేదాకా ఆగి ఉన్నారు. గిన్నె పట్టడం మధ్యలో ఆపి నేను వార్డుకి వచ్చిన కాసేపటికి, పోలమ్మ వార్డు తలుపు పట్టుకుని నిలబడింది. తలకి నూనె రాసి నున్నగా దువ్వుకుంది, ఉతికిన చీర కట్టుకుంది. వాళ్ళు రాలేకపోతే తనే చూసి పోదామని వచ్చిందని తర్వాత తెలిసింది.

"అమ్మా, నేనే పోలమ్మని" అంది.

ఆమె గోడ పట్టుకుని మెల్లగా మొదటి మంచం దగ్గరికి నడిచింది. అది పర్వతవర్ధనిది. "ఈ బిడ్డేనా కామాక్షి?" అని చెయ్యి చాపింది.

పర్వతవర్ధని పాపని వెనక్కి లాక్కుంది. "ఎవరమ్మా నువ్వు? పిల్లని ముట్టుకోకు."

పోలమ్మ చాపిన చెయ్యి అలాగే ఉండిపోయింది. తల తిప్పి నా వైపు చూసింది. "చెప్పలేదా?" అంది. కోపంగా అనలేదు. కోపంగా అని ఉంటే నాకు తేలికయ్యేది.

వంటమనిషి, పొరపాటున వచ్చింది అనడం ఎంతసేపు. ఆ మాట నా పళ్ళ దాకా వచ్చింది. పోలమ్మ కూడా కాదనేది కాదేమో. కానీ ఆ చెయ్యి ఇంకా గాల్లోనే ఉంది. నేను వార్డు మధ్యకి వెళ్ళి చెప్పాను. చుక్కలు ఏమిటో, ఎవరి నోటివో, ఈమె పెట్టిన ఒక్క షరతు ఏమిటో, నేను ఒట్టు పెట్టి ఎలా తప్పానో అంతా చెప్పాను.

ఒకామె లేచి గిన్నె తీసుకెళ్ళి కాలవలో కుమ్మరించింది. ఇంకొకామె కొంగుతో బిడ్డ నోరు గట్టిగా తుడవడం మొదలుపెట్టింది, వాడు ఏడుస్తున్నా ఆపలేదు. మస్తాన్ తల్లి పెదవులు కదుపుతూ కళ్ళు మూసుకుంది. ఎవరో వెనక నుంచి, "మూడు నెలలు... మూడు నెలలు మా చేత పెట్టించారా" అన్నారు.

పర్వతవర్ధని మాత్రం నన్ను చూడటం లేదు. పోలమ్మ మూతి వైపు చూస్తోంది. జీవితమంతా ఎవరి మూతి దేనికి తగిలిందో కనిపెట్టుకుని బతికిన మనిషి, మూతులు చూడటం ఆవిడకి వచ్చు. పోలమ్మ పెదవులు పగిలి, ఎండి, మూలల్లో నెత్తురు చారలు కట్టి ఉన్నాయి. మాట్లాడితే నాలుక అంగిలికి అతుక్కుని చప్పుడవుతోంది. మూడు నెలలుగా నేను రోజూ ఆ నోటికి అడుగు దూరంలో కూర్చున్నాను.

"మీరు మమ్మల్ని మోసం చేశారు" అంది పర్వతవర్ధని నాతో. "ఆ సంగతి తర్వాత మాట్లాడతాను. ఈ మనిషి అన్నం తిని ఎన్నాళ్ళయింది?"

నాకు తెలియదు. నా పుస్తకంలో ఆ గడి లేదు.

"పంపిస్తున్నాం... రోజూ పళ్ళెం పంపిస్తున్నాం" అన్నాను.

"పంపిస్తున్నారు. తింటోందా?"

పోలమ్మే అందుకుంది. "దిగదమ్మా. నోరు తడారిపోద్ది గదా, ముద్ద గొంతులో ఇరుక్కుంటది. మాత్రలేసుకున్న కాడ్నించి మరీను. గంజి తాగుతా. మిగిలింది కాకులకి పెడతన్నా. బిడ్డలకి సరిపోతందిలే."

ఆమెని బరువు తూచాం. వచ్చిన రోజు నలభై మూడు కిలోలు. ఆ తర్వాత ఎవరూ తూచలేదు. ఇప్పుడు ముప్పై ఒకటి. పక్కనే పిల్లల బరువుల పట్టిక గోడకి వేలాడుతోంది. గీతలన్నీ పైకి పోతున్నాయి.

ఇక నీరు తీయడం ఆపేయాలన్నాను. ఆపితే మూడు వారాలు పిల్లలు ఏమవుతారని రత్నకుమారి అడిగింది. దానికి జవాబు అందరికీ తెలుసు. పోలమ్మ, "నాకేం కాదు, తియ్యండి" అంది.

"నువ్వు ఊరుకో" అంది పర్వతవర్ధని. కాసేపు కామాక్షిని ఒళ్ళో ఊపుతూ కూర్చుంది. ఆవిడ ఏం ఆలోచించిందో నాకు తెలియదు, తెలుసునని రాస్తే అది ఇంకో అబద్ధం. తర్వాత నెమ్మదిగా అంది. "మా పాపకి సగం చాలు. ఆరు వేస్తున్నారుగా, మూడు వెయ్యండి. అందరూ అలా ఒప్పుకుంటే ఆవిడకి సగం మిగులుతుంది. తను నమిలి తను తినాలి కదా."

మస్తాన్ తల్లి, "మావాడికీ మూడే" అంది. రత్నకుమారి చాలాసేపు ఏడ్చి ఒప్పుకుంది. ఒక్కొక్క మంచం మీంచీ ఆ మాట వచ్చింది. నలుగురు మాత్రం బిడ్డల్ని ఎత్తుకుని వెళ్ళిపోయారు. వాళ్ళలో ముగ్గురు మూడో రోజుకి తిరిగొచ్చారు.

ఇరవై ఆరు మంచాలూ అయిపోయాయి. అందరూ నా వైపు చూశారు. ముప్పై ఒకటో బిడ్డ మా ఇంట్లో ఉన్నాడు. వాడు అందరికన్నా బలహీనం, పూర్తి మోతాదు మీద కూడా నెమ్మదిగా పెరుగుతున్నాడు. ఆ లెక్కలన్నీ నా తలలో గిర్రున తిరిగాయి. వాడికి మాత్రం ఆరే ఉంచుకుంటాను, ఎవరికీ తెలియదు అనుకున్నాను. అంత జరిగాక కూడా అనుకున్నాను. చివరికి, "మావాడికీ మూడే" అన్నాను. ఆ వార్డులో ఆ మాట ఆఖరున అన్నది నేనే.

ఆ సాయంత్రం ఇంట్లో కూడా చెప్పాను. అత్తయ్య సీసాని దేవుడి ముందు నుంచి తీసి అలమారులో పెట్టింది. రెండు రోజులు నాతో మాట్లాడలేదు. వాడికి అన్నం కలిపి చుక్కలు వేయడం మాత్రం ఒక్క పూట మానలేదు.

మాత్రలు ఆపేశాం. పొద్దున ఎండురొయ్యలు వేయించి ముందు పోలమ్మకే పెట్టేదాన్ని. ఆమె నూరు లెక్కపెట్టి నమిలి మింగాకే గిన్నె పట్టేవాళ్ళం. పూటపూటకీ తల్లులు ఇద్దరిద్దరుగా వచ్చి పిల్లల్ని ఆమె ఒళ్ళో వేసి కూర్చునేవాళ్ళు. పర్వతవర్ధని మాత్రం గుమ్మం బయటే నిలబడి, పాపని ఎత్తి చూపించి, ఆవిడ పళ్ళెం ఖాళీ అయిందా లేదా చూసి వెళ్ళిపోయేది. ఒళ్ళో వేయలేదు. అంతవరకే ఆవిడకి చేతనయింది, దానికి నేనెవర్ని తప్పు పట్టడానికి.

సగం మోతాదు చాలామందికి సరిపోయింది. బరువు పెరగలేదు, తగ్గలేదు. కామాక్షికి సరిపోలేదు. తొమ్మిదో రోజు నుంచి మళ్ళీ ఏడవడం మానేసింది. మోతాదు పెంచుతానని పర్వతవర్ధనికి చెప్పాను. అందరికీ సగమే అయినప్పుడు ఇంకా ఎక్కడినుంచి తెస్తారని అడిగింది. నా దగ్గర ఉన్న మా వాడి సీసా తీసుకెళ్ళి ఇచ్చాను. వాడి రెండు పూటల మోతాదు. ఆలస్యమైంది. పన్నెండో రోజు ఉదయం పాప పోయింది.

ఈస్టు మందు పంతొమ్మిదో రోజున వచ్చింది. అచ్చం పోలమ్మ ఎంజైమే, తొట్లకి తొట్లు. ఇవాళ డెల్టాలో ఏ మందుల కొట్లోనైనా దొరుకుతుంది. వెళ్ళిపోయి తిరిగిరాని నాలుగో ఆమె బిడ్డ ఏమయ్యాడో నాకు తెలియదు. మిగిలిన అందరూ బతికారు. మా అభిరామ్ బతికాడు. ఈ వాక్యం రాసిన ప్రతిసారీ నాకు సంతోషమూ సిగ్గూ కలిసే వస్తాయి, విడదీయడం నాకు చేతకాలేదు.

కామాక్షి పోయిన మర్నాడు పోలమ్మ నీరు ఇవ్వనంది. ఒక్క పూటకే. "నన్ను ఆ ఇంటికి తీస్కపో" అంది.

"వద్దు పోలమ్మా. వాళ్ళ పద్ధతులు వేరు. గుమ్మంలోనే ఏమైనా అంటే నువ్వు తట్టుకోలేవు" అన్నాను.

"అంటే పడతా. బిడ్డ నాది గూడానమ్మా."

ఆటోలో పొన్నూరు దాటి వెళ్ళాం. చిన్న పెంకుటిల్లు. అరుగు మీద మగవాళ్ళు ఇద్దరు ముగ్గురు కూర్చుని ఉన్నారు. మమ్మల్ని చూసి మాటలు ఆపేశారు. పోలమ్మ వాళ్ళని దాటి గుమ్మం దగ్గరికి వెళ్ళింది, గడప తొక్కకుండా ఆగింది. లోపల నట్టింట్లో చాప మీద పర్వతవర్ధని ఒక్కతే గోడకి ఆనుకుని కూర్చుని ఉంది. జుట్టు విరబోసుకుని ఉంది. పోలమ్మని చూసింది, కదలలేదు.

"అమ్మా" అంది పోలమ్మ. "బిడ్డ మైల నాకూ ఉంది. మా దిబ్బ మీదైతే పది రోజులు. మీ ఇంట్లో ఎన్నాళ్ళో నాకు తెలియదు. అది నువ్వు చెప్తే అన్నాళ్ళూ పడతా. లోపలికి రానక్కర్లా, ఈ గడపవతలే కూకుంటా."

అరుగు మీద ఒకాయన లేవబోయాడు. పర్వతవర్ధని లోపలి నుంచే చెయ్యి అడ్డంగా ఎత్తింది. ఆయన కూర్చున్నాడు.

"మూడు రోజులు" అంది పర్వతవర్ధని. చాప మీద పక్కకి జరిగింది. "బయటెందుకు. రండి, ఇలా వచ్చి కూర్చోండి."

పోలమ్మ గడప దాటి వెళ్ళి చాప మీద ఆవిడ పక్కన కూర్చుంది. తర్వాత ఎవరు ముందు మొదలుపెట్టారో తెలియదు, ఇద్దరూ ఏడవడం వినిపించింది. నన్ను ఎవరూ రమ్మనలేదు. నేను చెప్పులు విప్పకుండా వీధిలో ఆటో దగ్గరే నిలబడ్డాను.